దుబాయ్ నుంచి 108 కలవదు

ఆదివారం పొద్దున. దుబాయ్‌లో ఇంకా ఆరు కాలేదు. మల్యాల నుంచి అమ్మ ఫోన్. "బాపుకు మాట ముద్దముద్దగ వస్తంది బిడ్డా. చాయ గిలాస చేతిల నిలుస్తలేదు" అన్నది. ఫోన్ పెట్టేసి 108 నొక్కాను. కలవలేదు. మళ్లీ నొక్కాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సేవ అది. మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చిన నంబరు. దేశం దాటితే ఆ మూడంకెలు పనిచేయవన్న సంగతి ఇన్నేళ్ల పరదేశపు బతుకులో నాకు ఒక్కసారీ తట్టలేదు. అమ్మనే చెయ్యమందామంటే ఆమె ఫోన్ బిజీ. కబురు అప్పటికే పాకింది. కోరుట్ల నుంచి అక్క, అమెరికా నుంచి తమ్ముడు, సిరిసిల్ల నుంచి పెద్దబాపు కొడుకు, నేను, నలుగురం ఆ ఒక్క ఫోన్‌కే చేస్తున్నాం. చివరికి ఎదురింటి అన్న అరుపులు విని వచ్చి అంబులెన్స్ పిలిచాడు. అప్పటికి నలభై నిమిషాలు పోయాయి.

పక్షవాతంలో నలభై నిమిషాలంటే చాలా ఎక్కువ. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. దానికంటే ముందు సీటీ స్కాన్ తీయాలి. నాళం చిట్లి రక్తం కారుతున్న మనిషికి అదే మందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. మల్యాలవాళ్లకు ఒకవైపు జగిత్యాల, ఇంకోవైపు కరీంనగర్. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఏ దవాఖానలో అర్ధరాత్రి కూడా స్కాన్ తీస్తారు, ఆ ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరు ఎక్కడుంటారు అన్నది ఆపద రోజున వెతుక్కునే సంగతి కాదు. ఊళ్లో ఉన్నవాళ్లతో ఈ వారమే అడిగించండి. ఆ పేర్లు తలుపు వెనక పెద్దక్షరాలతో రాయించండి. ఎదురింటివాళ్ల నంబరు మీ ఫోన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆ పొద్దున నా ఫోన్‌లో లేదు.

బాపు బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూడు వారాలకు ఇంటికొచ్చాడు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పైసలకు కొదవ లేదు. నేను పంపాను, తమ్ముడు పంపాడు. వాట్సాప్‌లో బాపు పేరు మీద గ్రూపు పెడితే పదకొండు మందిమి చేరాం. ఒకరు నిమ్స్‌కు తీసుకపొమ్మంటే ఇంకొకరు ఆయుర్వేదం అన్నారు, మరొకరు ఎక్కడో పసరు పోస్తారట అన్నారు. అందరూ చెప్పేవాళ్లే, ముందుకొచ్చి తేల్చేవాళ్లు లేరు. రెండు నెలలకు బాపు పాదాలు వాచాయి. కూర్చోబెడితే కళ్లు తిరిగి పక్కకు ఒరిగిపోయాడు. అక్క కోరుట్ల నుంచి వచ్చి మందుల స్టీలు డబ్బా మంచం మీద బోర్లించింది. ఒక్కో స్ట్రిప్పు వెనకాల ఉన్న సన్నటి అక్షరాలను ఫోటో తీసి పంపింది. అందులో రెండు స్ట్రిప్పులవి వేరే వేరే కంపెనీలు, వేరే వేరే రంగులు. లోపల ఉన్న బీపీ మందు మాత్రం రెండింట్లోనూ ఒక్కటే, ఆమ్లోడిపిన్. మధ్యలో ఇంకో డాక్టరుకు చూపించాం, ఆ రెండో డాక్టరుకు మొదటి డాక్టరు చీటీ ఎవరూ చూపలేదు. అమ్మకు చదువు రాదు. రంగు గుర్తుపెట్టుకుని, చెప్పిన పూటకు చెప్పినట్టు రెండూ వేసింది. ఆమె ఒక్క పూట కూడా తప్పలేదు. తప్పింది మేమే. పదకొండు మందిలో ఒక్కరం కూడా ఆ రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆ రాత్రి అక్క, తమ్ముడు, నేను మాట్లాడుకుని పగ్గం అక్క చేతికిచ్చాం. డాక్టరుతో మాట్లాడేది అక్క ఒక్కతే. ఎటు పోవాలో, ఏ పరీక్ష చేయించాలో తేల్చేది ఆమెనే. ఎవరికి నచ్చకపోయినా అక్కకే చెప్పుకోవాలి, అమ్మ దగ్గర గొణగొద్దు. ఖర్చులకు విడిగా బ్యాంకు ఖాతా తెరిచి కార్డు ఆమెకిచ్చాం. ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలని ఉంది. పరదేశంలో ఉన్న మన మగపిల్లలం పైసలు పంపుతాం, పెత్తనం మాత్రం మన దగ్గరే ఉంచుకుంటాం. వెయ్యి రూపాయల రక్తపరీక్షకు కూడా ఊళ్లో ఉన్న ఆడబిడ్డ మన ఫోన్ కోసం ఎదురుచూడాల్సి వస్తే అది ఆమెను అవమానించడమే.

అక్క ఒక లాంగ్ నోట్‌బుక్ కొని గూట్లో పెట్టింది. ఎడమ పేజీలో మందులు. కంపెనీ పేరుకు బదులు లోపలి మందు పేరు రాసి, పక్కన అమ్మ కోసం పొద్దటికి సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ గీసింది. కుడి పేజీలో బీపీ, షుగరు, తిన్నది, విరేచనం, ఫిజియోథెరపీ ఎంతసేపు చేసింది. బాపు ఏ దవాఖానకు పోయినా ఆ పుస్తకం వెంట పోవాల్సిందే. ఊరి ఆర్‌ఎంపీ కూడా తానిచ్చింది అందులోనే రాస్తాడు. ఆర్‌ఎంపీని తీసిపారేయమని నేననను. అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చేది ఆయనే. సూది వేసేముందు అక్కకు ఒక ఫోన్ చెయ్యమని మర్యాదగా అడిగాం, ఆయన మాట నిలబెట్టుకున్నాడు.

తెలియక పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షల రూపాయలైంది. పథకంలో చేరిన దవాఖానల్లో ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. రేషన్ కార్డు పట్టుకుని అడ్వాన్సు కట్టకముందే వారిని కలవాలి. మేం కట్టినంక కలిశాం. పెద్దవాళ్ల కోసం 14567 అని ఎల్డర్‌లైన్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. పింఛను, వైద్యం, ఇంట్లో వేధింపులు, దేని గురించైనా అడగవచ్చు. అదీ ఊళ్లో ఉన్నవాళ్లు చేయాల్సిన నంబరే. ఆస్తి రాయించుకుని అన్నం పెట్టని పిల్లల మీద 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గరికి పోవచ్చు. నెలకు పది వేల దాకా ఇప్పించే అధికారం ఆయనకుంది. ఇక కోలుకునే దారి లేని జబ్బుల్లో, క్యాన్సర్ నొప్పుల్లో ఉన్నవాళ్లకు తెలంగాణలో ఆలన అనే ప్రభుత్వ సేవ ఉంది. వాహనంలో నర్సు ఇంటికే వచ్చి పుండు కడిగి కట్టు కడుతుంది, నొప్పికి మందిస్తుంది. ఇంత మంచి సేవ గురించి మా ఊళ్లో పది మందిని అడిగితే ఒక్కరికీ తెలియదు.

ఇలాంటి సేవను తామే నడుపుకున్న మలయాళీలు కూడా మనలాగే గల్ఫ్‌కు వచ్చినవాళ్లు, మనకంటే ముందు వచ్చినవాళ్లు. వాళ్ల ఊళ్లలోనూ ముసలివాళ్లే మిగిలారు. 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు నొప్పి ఉపశమనం కోసం ఒక సొసైటీ పెట్టారు. తర్వాతి ఏళ్లలో మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగే రంగంలోకి దిగారు. టీచర్లు, దుకాణదారులు, కూలీలు శిక్షణ తీసుకుని, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు నర్సుతో పాటు వెళ్లారు. చిల్లర విరాళాలతోనే చాలావరకు నడిపారు. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా చేసుకుంది. ఇక్కడ దుబాయ్‌లో మన సంఘం ఏటా బతుకమ్మకు, దసరాకు హాలు మాట్లాడుతుంది. చాలా సంతోషం, నేనూ చందా ఇస్తాను. దాంతోపాటు మల్యాల మండలానికి ఒక నర్సు, ఒక స్కూటీ, ఒక ఏడాది జీతం మనం మోయలేమా? అది కుదిరితే తర్వాత కోరుట్ల, ఆ తర్వాత సిరిసిల్ల. సిరిసిల్ల సంగతి వేరే చెప్పాలి. అక్కడివాళ్లు గల్ఫ్ కంటే ముందే మగ్గాల పనికి భివండికి, సూరత్‌కు పోయారు. తల్లిదండ్రులను ఇంట్లో వదిలి పోవడం ఆ ఊరికి కొత్త కాదు.

ఇంకో మనిషి గురించి చెప్పలేదు. మొదటి నెలల్లో రాత్రి రెండు గంటలకోసారి లేచి బాపును పక్కకు తిప్పింది అమ్మ. అట్లా తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. బాపుకు ఒక్క పుండు పడలేదు. అమ్మ మాత్రం ఆరు నెలల్లో సగమైంది. ఎట్లున్నవే అని అడిగితే "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అనేది. అక్క ఆ మాట నమ్మలేదు. వాడలో ఇద్దరు పిల్లల తల్లిని ఒకామెను మాట్లాడి, నెలకింత అని జీతం కట్టి, బాపును ఎట్లా లేపాలో, ఎట్లా తినిపించాలో దగ్గరుండి నేర్పింది.

మంగళవారాలు ఆ జీతానికి కుదిరినామె పొద్దున్నే వస్తుంది. అమ్మ తలస్నానం చేసి, ఆటోలో కొండగట్టు పోతుంది. దర్శనం చేసుకుని, గుడి ముందు కాసేపు కూర్చుని, నలుగురితో మాట్లాడి, పన్నెండు దాటినాక ఇంటికొస్తుంది. అప్పటిదాకా మేమెవ్వరం ఆమెకు ఫోన్ చెయ్యం.