కూలి రేట్లపై వాదము: లెక్కలు తెలుపు నిజము

పంచాయతీ సమావేశములలో ఏటేట వినవచ్చు వాదము ఒకటి కలదు. నాట్లు, కలుపుతీతలు, కోతలు ముమ్మరమైనపుడు రైతులు లేచి, "ప్రభుత్వము కరువు పనులు పెట్టినందున మాకు మనుషులు దొరకుట లేదు, దొరికినను కూలి పెరిగిపోయినది, సేద్యము గిట్టుట లేదు" అందురు. కూలీలు లేచి, "ఆ పనులు లేనినాడు మీరు ఇచ్చినదే కూలి, వేసవిలో మా పొయ్యి వెలుగుట ఆ పనుల వలననే" అందురు. ఇరువురును తమ కండ్ల జూచినదే చెప్పుచున్నారు. అయినను ఇరువురి మాటలు పొసగవు. నడుమ కూర్చున్న సర్పంచి, సభ్యులు ఎవరి మాట వినవలెను?

ఇదే వాదము శాసనసభలలోను, పార్లమెంటులోను పెద్ద మాటలతో జరుగుచుండును. అట్టి చోట ఆర్థిక శాస్త్రజ్ఞుల పరిశోధన ఏ మేరకు ఉపకరించును, ఏ మేరకు ఉపకరింపదు అను విషయమును, తెలుగు గ్రామములలోనే జరిగిన పరిశోధనల ఆధారముగా వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

చట్టమునకు ముందు లెక్క

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరమే, అనగా 1948లో, కనీస వేతనముల చట్టము వచ్చినది. వ్యవసాయ కూలీలకు కనీస కూలి నిర్ణయింపవలెనన్న, అప్పటికి వారికి ఎంత ముట్టుచున్నదో, ఏడాదిలో ఎన్ని దినములు పని దొరకుచున్నదో తెలియవలెను గదా! దేశమంతటికి చెల్లునట్టి లెక్క అప్పుడు లేకుండెను. అందువలన 1950-51లో సుమారు 800 గ్రామములలో అఖిల భారత వ్యవసాయ కార్మిక విచారణ జరిగినది. 1956-57లో రెండవ విచారణ జరిగినది.

తరువాత 1975లో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ, మెట్ట ప్రాంతముల గ్రామములను ఎన్నుకొని దీర్ఘకాల పరిశీలన ఆరంభించినది. వానిలో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామములు కలవు. ఒక్కొక్క గ్రామమున 40 కుటుంబములను తీసికొనిరి. వానిలో 10 కూలి కుటుంబములు, మిగిలినవి చిన్న, మధ్య తరగతి, పెద్ద రైతుల కుటుంబములు. పరిశోధకులు ఆ గ్రామములలోనే కాపురముండి, కొన్ని వారముల కొకసారి ప్రతి ఇంటికిని పోయి, ఎవరు ఏ పని చేసిరి, ఎంత కూలి వచ్చినది, ఎంత పంట పండినది అని వ్రాసికొనిరి. పది సంవత్సరములు సాగి ఆగిన ఈ పని 2001లో మరల మొదలైనది. కూలివాని సంవత్సరము ఎట్లు గడచునో ఊహతో గాక లెక్కతో చెప్పుటకు ఇట్టి పరిశీలనలు పునాది వేసినవి.

పోలిక లేని లెక్క మోసగించును

లెక్క ఉన్నంత మాత్రమున నిజము తెలియదు. ఒక గ్రామములో కరువు పనులు మొదలు కాకముందు దినకూలి 200 రూపాయలు అనుకొందము. మొదలైన ఏడాది తరువాత 230 అయినది. ఆ 30 రూపాయలును కరువు పని వలననే పెరిగినవని చెప్పవచ్చునా? ఆ ఏడు వానలు బాగుగా కురిసి సేద్యపు పని పెరిగి యుండవచ్చును. బియ్యము, పప్పు ధరలు పెరిగి కూలీలు ఎక్కువ అడిగి యుండవచ్చును. దగ్గరి పట్టణములో ఇండ్ల కట్టడపు పని పెరిగి యువకులు అక్కడికి పోయి యుండవచ్చును. ముందు వెనుకలను మాత్రమే చూచినచో ఇవన్నియు కలిసిపోవును.

కావున, అవే వానలు, అవే ధరలు కలిగి, ఆ ఒక్క పథకము మాత్రము లేని మరియొక గ్రామముతో పోల్చవలెను. రైతునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. క్రొత్త ఎరువు పనిచేయునో లేదో చూడవలెనన్న ఒకే చేనిలో ఒక మడికి వేసి, ప్రక్క మడికి వేయక చూచును. రెండు మడులకును నేల ఒకటే, నీరు ఒకటే, తేడా ఎరువుదే.

కూలి విషయములో ఇట్టి పోలికకు పేరు తెచ్చినది అమెరికా దేశములోని ఒక పరిశోధన. 1992 ఏప్రిలులో అక్కడి న్యూజెర్సీ రాష్ట్రము గంటకు కనీస కూలిని 4.25 డాలర్ల నుండి 5.05 డాలర్లకు పెంచినది. ప్రక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. కూలి పెంచినచో యజమానులు పనివారిని తగ్గింతురని అప్పటి సామాన్య విశ్వాసము. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అను ఇరువురు ఆర్థికవేత్తలు రెండు రాష్ట్రములలోను కలిపి 410 ఫలహారశాలలను పెంపునకు ముందును, తరువాతను విచారించి, న్యూజెర్సీలో పనివారి సంఖ్య తగ్గలేదని 1994లో ప్రకటించిరి. ఇతరులు వేరు లెక్కలు తీసి దీనిని ఆక్షేపించిరి. కనీస కూలిపై వాదము నేటికిని సాగుచున్నది. ఐనను, వాదించువారు పోలిక చూపి మాటాడవలెనను నియమము స్థిరపడినది. కార్డ్‌నకు 2021లో నోబెల్ బహుమానము లభించినది. క్రూగర్ అప్పటికే, 2019లో, మరణించి యుండెను.

బండ్లపల్లి నుండి దేశమంతటికి

ఇక మన వాదమునకు వత్తము. 2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము చేసినది. గ్రామీణ కుటుంబము కోరినచో ఏడాదికి 100 దినముల పని కల్పింపవలెనని ఆ చట్టము విధించినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామములో నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ దీనిని ప్రారంభించిరి.

మొదట 200 జిల్లాలలోను, తరువాత మరి 130 జిల్లాలలోను, 2008 ఏప్రిలు నుండి మిగిలిన గ్రామీణ జిల్లాలన్నిటిలోను పథకము అమలైనది. ఈ విడతల వలన కొంతకాలము పథకము గల జిల్లాలు, లేని జిల్లాలు ప్రక్కప్రక్కన నిలిచినవి. క్లెమెంట్ ఇంబెర్ట్, జాన్ పాప్ అను పరిశోధకులు దీనిని ఆధారము చేసికొనిరి. ముందుగా ఎన్నుకొనబడినవి వెనుకబడిన జిల్లాలు గనుక, వారు కూలి ఎంత యున్నదని కాక, కూలి ఎంత మారినదని పోల్చిరి. 2015లో ప్రకటించిన ఫలితము ఇది: వేసవితో కూడిన ఎండకాలపు నెలలలో, పథకము ముందుగా వచ్చిన జిల్లాలలో ప్రయివేటు కూలి 4.7 శాతము పెరిగినది. ప్రయివేటు పని కొంత తగ్గినది. వానకాలములో కరువు పనులే తక్కువ గనుక అట్టి మార్పు కానరాలేదు. రైతు మాటలోను, కూలివాని మాటలోను కొంత కొంత నిజము కలదని దీని వలన తేలినది.

ఎనిమిది జిల్లాల పరీక్ష

ఇంతకన్న లోతైన పరీక్ష ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగినది. ఉపాధి పని కూలి, పింఛను సొమ్ము వేలిముద్ర ఆధారముగా స్మార్టు కార్డులపై చెల్లించు పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వము ప్రవేశపెట్టినది. అన్ని మండలములలోను ఒకేసారి పెట్టుట సాధ్యము కాదు. ఆదిలాబాదు, అనంతపురము, కడప, ఖమ్మము, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరము జిల్లాలలో, ఏ మండలము ముందు, ఏ మండలము వెనుక అను విషయమును చీట్లు వేసినట్లు నిర్ణయించుటకు ప్రభుత్వము అంగీకరించినది. 112 మండలములు ముందు వచ్చినవి. 45 మండలములు చివరకు ఉంచబడినవి. ఈ 157 మండలముల జనసంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అను ఆర్థికవేత్తలు 2010లోను, 2012లోను ఇంటింటికి విచారణ జరిపించి రెండు విధముల మండలములను పోల్చిరి. చీటీకి పక్షపాతము లేదు గనుక, తరువాత కనిపించిన తేడా క్రొత్త పద్ధతి వలననే అని చెప్పుటకు వీలైనది.

రెండేండ్లకు కూడ కార్డుల పద్ధతి పూర్తిగా అమలు కాలేదు. ఐనను, కూలి సొమ్ము త్వరగా ముట్టినది. నడుమ జారిపోవు సొమ్ము సుమారు ఐదింట రెండు వంతులు తగ్గినది. ప్రభుత్వపు ఖర్చు పెరగక యే కూలివాని చేతికి ఎక్కువ చేరినది. ఇంకొక సంగతియు గమనింపదగినది. క్రొత్త పద్ధతిపై అధికారులకు చేరిన మాటలలో ఫిర్యాదులే ఎక్కువ. ఇంటింటికి పోయి అడిగినపుడు మాత్రము, కార్డులు వాడినవారిలో నూటికి 90 మందికి మించి క్రొత్త పద్ధతియే మేలనిరి. నష్టపడిన వాని గొంతు పెద్దది. మేలు పొందిన వారు మౌనముగా నుందురు.

కూలి పెరిగినను పని తగ్గలేదు

పథకము సక్రమముగా నడచిన మండలములలో గ్రామముల కూలి వ్యవహారము మొత్తము ఎట్లు మారినదో ఈ ముగ్గురే మరల పరిశీలించి, ఫలితములను 2023లో ప్రకటించిరి. జాబ్ కార్డు గల కుటుంబముల ఆదాయము 14 శాతము పెరిగినది. పేదరికము 26 శాతము తగ్గినది. పెరిగిన ప్రతి 100 రూపాయలలో 86 రూపాయలు కరువు పని వలన వచ్చినవి కావు, బయట సంపాదించినవి. అనగా, ప్రభుత్వ పని ఇచ్చిన కూలి కన్న, ఆ పని ఉన్నదను ధైర్యము ఇచ్చిన కూలియే ఎక్కువ.

కారణము కష్టమైనది కాదు. గ్రామములో పనికి పిలుచు పెద్ద రైతులు నలుగురైదుగురే యుండి, కూలీలకు వేరు దారి లేనపుడు, కూలి ఉండవలసిన దానికన్న తక్కువగా నిలుచును. ఇంకొక పని దొరకునన్న నమ్మకము కలిగిన కూలివాడు, "ఇంతకు తక్కువైన రాను" అనగలడు. అట్టి గ్రామములలో కూలి పెరిగినచో, ఇదివరకు ఆ తక్కువ కూలికి ఇష్టపడని వారు కూడ పనికి వత్తురు. భూమి కొద్దిమంది చేతులలో నున్న గ్రామములలోనే పని ఎక్కువగా పెరిగినదని ఈ పరిశోధన చూపినది. కూలీల చేతిలో డబ్బు తిరిగినందున సేద్యేతరములైన చిన్న వ్యాపారములును, వానిలో పనియు పెరిగినవి.

అయితే రైతు ఫిర్యాదులో సత్యము లేదని ఈ పరిశోధన చెప్పలేదు. భూమిపై వచ్చు రాబడి తగ్గినదని కూడ అదే లెక్క తెలిపినది. కూలీకి పెరిగిన దానిలో కొంత రైతు మిగులు నుండియే వచ్చినది. ఐదెకరముల లోపు మెట్ట రైతు, ఒక పూట తానే కూలికి పోవువాడు, ఈ లెక్కలో ఎటు నిలుచును? ఆతని కష్టమును తీర్చుటకు కూలిని తగ్గింపవలెనా, లేక గిట్టుబాటు ధర, యంత్ర సహాయము వంటి వేరు మార్గములు వెదకవలెనా? దీనికి లెక్క జవాబు చెప్పదు. ఏ పని చేసిన ఎవరికి ఎంత వచ్చును, ఎవరికి ఎంత పోవును అని మాత్రమే పరిశోధన చెప్పగలదు. ఏది న్యాయమో నిర్ణయించుట ప్రజలు ఎన్నుకొన్న వారి బాధ్యత.

పంచాయతీ చేయదగినది

2005 నాటి చట్టము స్థానములో క్రొత్త చట్టమును 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించినది. ఇందు గ్రామీణ కుటుంబమునకు హామీ 125 దినములు. విత్తులు, కోతలు ముమ్మరముగా సాగు కాలములో, ఏడాదికి మొత్తము 60 దినముల వరకు ఈ పనులు నిలుపుటకు వీలు కల్పింపబడినది. ఆ కాలమును రాష్ట్ర ప్రభుత్వము ముందుగా ప్రకటింపవలెను. రైతు వాదమునకు చట్టములో దొరికిన చోటు ఇది. ఆ దినములు సరిగా కుదిరినచో రైతునకు మనుషులు దొరకుదురు, కూలీకి పొలములో పని యుండును. కుదరనిచో పొలములో పని లేక, ప్రభుత్వ పని లేక కూలి ఇల్లు పస్తుండును. గోదావరి డెల్టాలో నాట్ల కాలము వేరు. అనంతపురపు వేరుశనగ విత్తు కాలము వేరు. మన గ్రామమున ఏ వారములలో మనుషులకు గిరాకి, ఏ వారములలో లేదు అను సంగతి మనకన్న తెలిసినవారు లేరు. కాని తెలిసియుండుట వేరు, వ్రాసియుంచుట వేరు.

కావున పంచాయతీ సభ్యులు మూడు పనులు చేయదగును. మొదటిది, ఏ నెలలో స్త్రీలకు, పురుషులకు దినకూలి ఎంత, ఏ పనులకు మనుషులు చాలలేదు, ఎందరు వలసపోయిరి అను వివరములను ఒక పుస్తకములో నెలనెల వ్రాయించుట. రెండవది, మస్టరు నిజముగా నుండునట్లు చూచుట. రాని వారి పేర్లు వ్రాసిన మస్టరు ప్రభుత్వ ధనమునే గాక నిజమును కూడ దొంగిలించును. దానిపై కట్టిన లెక్కలన్నియు వంకరయగును. మూడవది, సర్వేకు వచ్చిన వారికి నిజము చెప్పునట్లు జనులకు నచ్చజెప్పుట. జాతీయ గణాంక కార్యాలయము 2017 నుండి కార్మిక శక్తి సర్వే జరుపుచున్నది. వచ్చినవాడు పన్ను వేయుటకు వచ్చెనని భయపడి ఒకరు, పథకము వచ్చునని ఆశపడి మరొకరు తప్పు చెప్పినచో, ఆ తప్పు మీదనే రేపటి విధానము నిలుచును.

వచ్చే సమావేశములో రైతులు, కూలీలు మరల లేచి మాటాడినపుడు, సర్పంచి ఆ పుస్తకము తెరచి చదివినచో తగవు అంతటితో తీరిపోదు. కాని గొంతు పెద్దదైన వాని మాటయే నిజముగా చెల్లుట ఆగును. గొంతు లేని వాని కష్టము కూడ లెక్కలోనికి వచ్చును. ఆ తరువాత తేల్చవలసినది న్యాయము. అది సభ్యుల చేతిలోనిది.