చేవెళ్ల చేలలో ఎలుకలు, వాని పరాన్నజీవులు

హైదరాబాదు నుండి వికారాబాదునకు పోవు మార్గమున, ఇరుప్రక్కల మఱ్ఱిమ్రాకులు నీడ పఱచిన ఆ దారి వెంట, మొయినాబాద్ మొదలు చేవెళ్ల వఱకు గల నేల మహానగరమునకు రెండు విధములుగా ఆధారమై యున్నది. ఆ నేలపై పండిన టమాట, క్యారెట్, ఆకుకూరలు, పువ్వులు తెల్లవారకమునుపే నగరపు అంగళ్లకు చేరును. ఆ నేలపై కురిసిన వాన, 1908 సెప్టెంబరు నాటి మూసీ వఱద వలన కలిగిన మహావిపత్తు తరువాత నిర్మింపబడి 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగర్ లోనికిని, 1927లో పూర్తియైన హిమాయత్ సాగర్ లోనికిని ప్రవహించును. 1996 మార్చి 8న ప్రభుత్వము 111వ సంఖ్య గల ఉత్తర్వు వెలువరించి 84 గ్రామములలో కట్టడములకు కట్టుబాట్లు విధించుటకు కారణము ఈ జలాశయముల పరిరక్షణమే. అయినను చేల నడుమ ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు, కళాశాలలు వెలసినవి. వాని వెనుక ఎంగిలాకులు, చెత్తకుప్పలు, పెంపుడు పిల్లులు వచ్చినవి. పొలమును పట్టణమును ఒకదానినొకటి ఒరసికొను ఇట్టి తావులు ఎలుకకు మిక్కిలి అనుకూలములు. ఆ యెలుక దేహమును ఆశ్రయించి బ్రతుకు పరాన్నజీవులను గుఱించి మన రైతులకు గాని, వారు పండించినది తిను నగరవాసులకు గాని తెలిసినది స్వల్పము, తెలిసికొనుట అత్యవసరము.

ఈ ప్రాంతపు చేలలో ఎలుక లన్నియు ఒకే జాతివి కావు. బలిష్ఠమైన దేహము గల పందికొక్కు వరిగట్లలో కలుగు త్రవ్వి, పైరు ఈనినది మొదలు వెన్నులను కొఱికి కొనిపోయి లోపలి అరలలో కూడబెట్టును. కోతలు ముగిసిన పిమ్మట గడ్డపారతో ఆ కలుగును త్రవ్విన వారికి తమ ధాన్యమే తిరిగి దొరకుట పల్లెటూళ్లలో ఎఱిగిన సంగతియే. నీరు పాఱని చేలలో మెత్తని బొచ్చు గల మెట్ట ఎలుక, దానికంటె మిక్కిలి చిన్నదైన చిట్టెలుక, ఇండ్లలోను కొట్టములలోను ఇంటి ఎలుక సంచరించును. వీనిలో దేనిని పరిశీలించినను, ప్రేగులలో, కాలేయములో, రక్తములో, బొచ్చులో ఏదో ఒక పరాన్నజీవి కనబడుట శాస్త్రజ్ఞులకు సర్వసామాన్యము.

చచ్చిన యెలుక నొకదానిని కోసి దాని కాలేయమును పరిశీలింపుడు. ముదురు ఎఱుపు వన్నె గల ఆ మాంసపిండముపై అక్కడక్కడ శనగగింజ పరిమాణమున తెల్లని బుడిపెలు పొడసూపును. సూదిమొనతో ఒక బుడిపె పొరను చీల్చినచో, లోపల చుట్టలు చుట్టుకొని యున్న తెల్లని పురుగు బయటపడును. దానిని మెల్లగా విప్పి గాజుపలకపై పఱచిన యెడల, కణుపులు కణుపులుగా కొన్ని అంగుళముల పొడవు సాగి, ఒక కొసను కొక్కెములు రెండు వరుసలుగా అమరిన తలయు, రెండవ కొసను చిన్న నీటితిత్తియు కలిగి కన్పట్టును. ఇది పిల్లి ప్రేగులలో పెరుగు బద్దెపురుగు యొక్క బాల్యదశ. పిల్లి విసర్జించిన గ్రుడ్లు గింజలతోనో గడ్డితోనో కూడ ఎలుక కడుపులోనికి పోయి, వానినుండి పిల్ల వెలువడి, ప్రేగుగోడను తొలచుకొని, రక్తముతో కాలేయమునకు చేరి అక్కడ మకాము వేయును. ఎలుక బ్రతికియున్నంత కాలము అది పెద్దది కాజాలదు. పిల్లి ఆ యెలుకను పట్టి తిన్ననాడే దానికి పూర్ణవయస్సు ప్రాప్తించును. ఈ బుడిపెల చుట్టు కొన్ని యెలుకలకు పుట్టకురుపు పుట్టుట గమనించి, బులక్, కర్టిస్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ పురుగు గ్రుడ్లను ఎలుకలకు తినిపించి, కాలేయమున ఆ వ్యాధిని కలిగించి, 1920లో ఆ ఫలితములను ప్రకటించిరి.

పిల్లులు లేనిచోట ఈ పురుగు నిలువజాలదు. కావున ఒక పొలపు ఎలుకలలో ఈ బుడిపెలు మెండుగా కనబడినచో, ఆ చుట్టుపట్ల పిల్లులును ఎలుకలును ఒకే ధాన్యపు కుప్ప చుట్టు తిరుగుచున్నవని ఊహింపవచ్చును. ఎలుక లోపలి పురుగు ఆ నేలపై ఏయే ప్రాణులు ఏయే విధముగా సంబంధించి యున్నవో తెలుపు సాక్ష్యము. ఈ దృష్టితో చూచిననే పరాన్నజీవుల అధ్యయనము యొక్క విలువ మనకు బోధపడునని నా నమ్మకము.

ఎలుక ప్రేగులలోని మఱియొక బద్దెపురుగుకు పిల్లితో పనిలేదు. దానికి పిండిలోను, నూకలలోను తిరుగు ఎఱ్ఱని పెంకుపురుగు చాలును. పెంకుపురుగు ఎలుక మలముతో పాటు గ్రుడ్లను తినును, ఎలుక ఆ పెంకుపురుగును తినును, చక్రము పూర్తియగును. జల్లింపని పిండితో పురుగు కడుపులోనికి పోయిన పిల్లలకు సైతము ఈ బద్దెపురుగు సోకును. మన అమ్మలు చేటతో చెఱిగి, జల్లెడతో పట్టు పనిలో ఆరోగ్యరక్షణము కూడ ఇమిడియున్నది.

రక్తములోని పరాన్నజీవుల కథ ఇంతకంటె విచిత్రమైనది. 1878లో టిమొతీ లూయిస్ అను వైద్యుడు కలకత్తాలో ఎలుక రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించుచు, రక్తకణముల నడుమ తోక నాడించుచు ఈదు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. ట్రిపనోసోమా అను ఆ జీవికి పిమ్మట ఆయన పేరే పెట్టబడినది. ఎలుక బొచ్చులో నుండు, రెక్కలు లేక దుముకు ఫ్లీ అను చిన్న పురుగు దీనికి వాహనము. దానినో, దాని మలమునో నాకిన యెలుకకు సోకును. మన యెలుకలకు దీనితో చిరపరిచయము కలదు గనుక, కొన్ని వారములలో రక్తము దానిని అణచివేయును. పరిచయము లేని జాతికి సోకిన యెడల ఏమగునో హిందూమహాసముద్రమందలి క్రిస్మస్ ద్వీపము చెప్పును. 1899లో ఓడ నుండి దిగిన నల్ల ఎలుకలు ఆ ద్వీపమున ప్రవేశించిన తరువాత, కొలది సంవత్సరములలో అక్కడి స్వదేశపు ఎలుక సమూలముగా నశించెను. ఆ కాలమున భద్రపఱుపబడిన చర్మముల నుండి తీసిన డీఎన్ఏలో ఈ ట్రిపనోసోమా జాడ దొరకినట్లు 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మనుష్యులకు ఇది సోకుట మిక్కిలి అరుదు. అయినను మన దేశమందే 37 దినముల పసికందు రక్తములో ఇట్టి జీవి కనబడినట్లు 2011లో వైద్యపత్రికలో వెలువడినది.

టాక్సోప్లాస్మా అను మఱియొక సూక్ష్మజీవి 1908లో ట్యూనిస్ నగరమున గండీ అను కొండ ఎలుకలో నికోల్, మాంసో అనువారికి కనబడినది. దీనికి కూడ పిల్లియే తుది నివాసము. ఇది సోకిన యెలుకలు పిల్లి వాసనకు జంకుట మాని, కొన్ని ఆ వాసన వచ్చు దిక్కునకే నడచినట్లు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2000లో నిరూపించిరి. కంటికి కానరాని ప్రాణి ఒకటి తాను చేరవలసిన చోటికి తన వాహకమును నడిపించుట ఎంతటి అద్భుతము!

కూరగాయల నేలకు మిక్కిలి సంబంధించినది ఎలుక ఊపిరితిత్తుల పురుగు. దీని పిల్లలు ఎలుక మలముతో బయటికి వచ్చి నత్తలలో ప్రవేశించి పెరుగును. అట్టి నత్తను తిన్న యెలుకలో మెదడు మీదుగా ఊపిరితిత్తుల రక్తనాళములకు పోవును. ఆకుల మడతలలో దాగిన చిన్న నత్తతో పాటు పచ్చికూర తిన్న మనుష్యునిలో మాత్రము మెదడు వద్దనే చిక్కుకొని, తీవ్రమైన తలనొప్పితో కూడిన మెదడుపొరల వాపును కలిగించును. కేరళలో ఇట్టి రోగులను వైద్యులు గుర్తించిరి. పచ్చిగా తిను ఆకులను ఒక్కొక్కటిగా విడదీసి నీటి ధారలో కడుగుట ఇందుకే శ్రేష్ఠము.

ఇంత చెప్పిన పిమ్మట, ఎలుకలనన్నిటిని విషము పెట్టి చంపినచో చాలదా యని రైతు అడుగుట న్యాయము. పంట దక్కవలెనన్న ఎలుకలను అదుపు చేయక తప్పదు; 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింక్ ఫాస్ఫైడ్ కలిపి, అంతకు ముందు విషము లేని నూకలను అలవాటు చేసి, ఊరి రైతులందఱు ఒకేసారి కలుగులలో ఎర వేయు పద్ధతి మన వ్యవసాయశాస్త్రజ్ఞులు చిరకాలముగా చెప్పుచున్నదే. కాని పరాన్నజీవులు ఎలుకలన్నిటికి సమముగా పంచబడి యుండవు. వానిలో అధికభాగము కొద్ది యెలుకలలోనే గుమిగూడి, తక్కినవానిలో స్వల్పముగానో అసలు లేకయో యుండును. అక్కడక్కడ కొన్నిటిని చంపి విడిచినచో రోగభారము తగ్గునను హామీ లేదు. కెనడాలోని వాంకూవర్ నగరమున కొన్ని యెలుకలను పట్టి చంపిన తరువాత, మిగిలినవానిలో లెప్టోస్పైరా అను రోగకారక బాక్టీరియా సోకియుండు అవకాశము మఱింత హెచ్చినట్లు 2018లో తేలినది. 1911లో హైదరాబాదును పీడించిన ప్లేగు వంటి వ్యాధులలోనైతే, ఎలుక చల్లబడగానే దాని బొచ్చులోని ఫ్లీలు దానిని విడిచి వేఱొక ప్రాణిని వెదకుకొనును. ఎలుకలు రాలిన ఇంటిని ఖాళీ చేయవలెనని మన పెద్దలు పట్టుపట్టుట ఊరక కాదు.

కావున ఎలుకను చంపుటతో రైతు పని తీఱదు. కళేబరమును ఏమి చేసితిమన్నది గూడ ముఖ్యము. ఎలుక కాలేయములో కాపురముండు దారమువంటి పురుగు ఒకటి కలదు. దాని గ్రుడ్లు ఎలుక బ్రతికియుండగా బయటికి రాజాలక కాలేయములోనే పసుపుపచ్చని మచ్చలుగా చిక్కుకొని యుండును. ఎలుక చచ్చి కుళ్లినప్పుడో, కుక్కయో పిల్లియో దానిని తిని విసర్జించినప్పుడో మాత్రమే నేలను పడి, గాలి, తేమ తగిలి కొన్ని వారములలో మఱియొక ప్రాణికి సోకదగిన స్థితికి వచ్చును. మనుష్యులకు ఇది సోకుట అరుదు, సోకినచో కాలేయమునకు ప్రమాదము. కావున గట్టుమీద పడియున్న ఎలుకను ఉత్తచేతులతో ముట్టక, పారతో ఎత్తి, కుక్కలు త్రవ్వజాలనంత లోతున, కాలువకును బావికిని దూరముగా పూడ్చవలెను. ఉస్మాన్ సాగర్ నకు పాఱు వాగులలో విసరుట మాత్రము ఎన్నడును తగదు.