పది చేతులు కలిస్తే పై దేశం చదువు



కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ మీకు ఎర్ర మాత్రలు ఇచ్చి ఉంటుంది. "రక్తం పడుతుంది, రోజూ వేసుకో" అని చెప్పి ఉంటుంది. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం అనే మందు ఉంటుంది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మాత్రలు పంచడం కూడా మీరు చూసే ఉంటారు.

ఈ రెండు మందుల వెనుకా మన భీమవరంలో పుట్టిన ఒకాయన కష్టం ఉంది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికా వెళ్ళి చదువుకున్నారు. పెద్ద శాస్త్రవేత్త అయ్యారు.

మరి ఆయన ఉన్నవాళ్ళ బిడ్డా? కాదు. అంత దూరం వెళ్ళడానికి డబ్బు ఎక్కడిది? ఆ సంగతి తెలుసుకుందాం. మన పిల్లలకూ పనికొస్తుంది.

అమ్మ పట్టుదల

సుబ్బారావు 1895లో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ఉద్యోగం పోయింది. ఇంట్లో పిల్లలు ఎక్కువ. రాబడి తక్కువ.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి కాశీకి బయలుదేరాడట. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆ పిల్లాడి ఆలోచన. పెద్దవాళ్ళు దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

తల్లి వెంకమ్మ గారు ఊరుకోలేదు. "చదువుకోవలసిందే" అని పట్టుబట్టారు. కొడుకును రాజమండ్రి బడికి పంపారు. ఒంటి మీది నగలు అమ్మి చదివించారని చెబుతారు. ఆ పిల్లాడు మెట్రిక్ పరీక్ష తప్పాడు. మళ్ళీ తప్పాడు. మూడోసారి మద్రాసులో రాసి పాసయ్యాడు. పరీక్ష తప్పినంత మాత్రాన చదువు మాన్పించలేదు ఆ తల్లి.

తర్వాత సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులు సాయం చేశారు. పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు కూడా సాయం చేశారు. 1921లో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో జబ్బుతో పోయారు. జబ్బుల సంగతి తేల్చాలంటే ఇంకా చదవాలి అనుకున్నారు సుబ్బారావు. అమెరికాలో హార్వర్డు అనే పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదవాలని నిశ్చయించుకున్నారు.

కూలి డబ్బు సముద్రం దాటించింది

మామగారు కొంత డబ్బు పోగుచేశారు. కాకినాడలోని ఒక ధర్మసంస్థ కూడా సాయం చేస్తామని మాట ఇచ్చింది. అది మల్లాడి సత్యలింగం నాయకర్ గారి ధర్మసంస్థ.

ఎవరీ సత్యలింగం నాయకర్? తాళ్ళరేవు దగ్గర కోరంగి ఉంది కదా! ఆ పక్క పేద ఇంట్లో పుట్టారు. ఆ రోజుల్లో కోరంగి రేవు నుంచి మనవాళ్ళు ఓడలెక్కి రంగూను పోయేవారు. అక్కడ మూటలు మోసేవారు. అందుకే బర్మాలో తెలుగువాళ్ళను "కొరంగీలు" అని పిలిచేవారు. సత్యలింగం గారూ అలాగే వెళ్ళారు. రంగూను రేవులో కూలిపని చేశారు. పైకొచ్చి ఓడల సరుకు దించే పెద్ద కాంట్రాక్టరు అయ్యారు. ఆస్తి అంతా ధర్మానికి రాసి 1915లో కన్నుమూశారు. ఆయన పేరు మీద బడులు నడిచాయి. పై దేశాలకు పోయి చదివేవారికీ అందులోంచి సాయం అందింది.

చూశారా! ఒకప్పుడు రంగూనులో మూటలు మోసిన చెమట, భీమవరం కుర్రవాడి చదువుకు అండ అయింది.

సుబ్బారావు 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టను చేరారు. తెచ్చుకున్న డబ్బు చాలలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు చదివారు. తల్లి నగలు, మామగారి సాయం, ధర్మసంస్థ మాట, సొంత రెక్కల కష్టం. ఇన్ని కలిస్తే ఆ చదువు సాగింది.

ఆడపిల్లల మాటేమిటి?

"అదంతా మగపిల్లల సంగతి" అంటారా? కాదు. మహారాష్ట్రలో ఆనందీబాయి జోషీ అనే అమ్మాయి ఉండేది. డాక్టరు చదవడానికి అమెరికా పోతానంది. చాలామంది తిట్టారు. 1883లో బెంగాలులోని శ్రీరాంపూరులో నలుగురి ముందు నిలబడి, ఎందుకు వెళుతున్నదో చెప్పింది. అప్పటికి ఆమె వయసు పదిహేడేళ్ళు! ఆ మాటలు విని చాలామంది చందాలు పంపారు. తన బంగారు గాజులు కూడా అమ్ముకుంది. ఓడెక్కి వెళ్ళింది. 1886లో డాక్టరు అయింది. అడగడానికి సిగ్గుపడలేదు. అదే ఆమెకు దారి చూపింది.

మన కాలంలోనూ ఉంది. 2022లో మన రాష్ట్రం గురుకుల పాఠశాలల పిల్లలు కొందరు ఏడాది చదువుకు అమెరికా వెళ్ళారు. అక్కడి కుటుంబాల ఇళ్ళలో ఉండి, అక్కడి బడిలో చదివారు. వాళ్ళ తిండి, వాళ్ళ పండగలు, వాళ్ళ మాట దగ్గరుండి చూశారు. ఖర్చు అమెరికా ప్రభుత్వం పెట్టుకుంది.

డబ్బుకు మూడు దారులు

ఇప్పుడు పిల్లలు ఒక దేశం మీద ఇష్టం పెంచుకుంటున్నారు. ఒకరు జపాను భాష నేర్చుకుంటానంటారు. ఒకరు జర్మనీ వెళతానంటారు. నవ్వి తోసెయ్యకండి. అలాగని తొందరపడి అప్పూ చెయ్యకండి. ముందు ఈ మూడు దారులూ వరసగా చూడండి.

మొదటి దారి, స్కాలర్‌షిప్. ఇది తిరిగి కట్టనక్కరలేని డబ్బు. ఇంటర్ పాసైన పిల్లలకు జపాను ప్రభుత్వం పరీక్ష పెట్టి స్కాలర్‌షిప్ ఇస్తుంది. నెగ్గితే ఫీజు ఉండదు. విమానం టిక్కెట్టు వాళ్ళే ఇస్తారు. నెలనెలా ఖర్చులకు డబ్బు ఇస్తారు. మొదటి ఏడాది భాష నేర్పుతారు. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు ఉండదు. కాని ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే బ్యాంకులో చూపించాలి. దళితుల పిల్లలు పై దేశంలో ఎంఏ, ఎమ్మెస్సీ వంటి పెద్ద చదువులు చదవడానికి కేంద్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఉంది. అందులో వందకు 30 ఆడవాళ్ళకు కేటాయించారు. వివరాలు కాలేజీ మేష్టారినీ, కలెక్టరు ఆఫీసులో సంక్షేమ శాఖ వాళ్ళనూ అడగండి.

రెండో దారి, పదిమంది సాయం. కులపెద్దలు, ఊరి సంఘం, పూర్వ విద్యార్థులు, పై దేశాల్లో స్థిరపడిన మన ఊరివాళ్ళు. ఇంటికి 500 రూపాయలు చొప్పున 200 ఇళ్ళు ఇస్తే లక్ష రూపాయలు అవుతుంది. కాని ఒక్క మాట. ప్రతి రూపాయీ నోటు పుస్తకంలో రాయండి. ఎవరిచ్చారు? ఎంత ఇచ్చారు? ఏ తేదీన? ఊరికే ఇచ్చారా, అప్పుగా ఇచ్చారా? నాలుగు గడులు గీసి రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. రాత ఉన్నచోట తగువు ఉండదు.

మూడో దారి, బ్యాంకు అప్పు. దీన్ని విద్యారుణం అంటారు. బ్యాంకుల మామూలు పద్ధతి ప్రకారం 4 లక్షల వరకు తాకట్టు అడగరు. 7 లక్షల 50 వేలు దాటితే ఇల్లో, పొలమో తాకట్టు అడుగుతారు. చదువు పూర్తయ్యాక సాధారణంగా ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కరలేదు. కాని ఆ రోజుల్లోనూ వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది. ఇది మరిచిపోకూడదు.

వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకండి. లెక్క చూడండి. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ అంటే, లక్షకు నెలకు 3,000. ఏడాదికి 36,000. మూడేళ్ళకు 1,08,000. తెచ్చిన లక్ష కంటే వడ్డీయే ఎక్కువ అయింది. అసలు లక్ష ఇంకా అలాగే ఉంది!

ఏజెంటు మాట నమ్మే ముందు

మన కోనసీమ, డెల్టా ఊళ్ళ నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైటు, మస్కట్ పోయారు. ఏజెంట్ల చేతుల్లో మోసపోయినవాళ్ళ గోడు మీరు వినే ఉంటారు. చదువు పేరు చెప్పి మోసం చేసేవాళ్ళూ ఉన్నారు. కాలేజీ పంపిన ఉత్తరం చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఆ కాలేజీ నిజంగా ఉందో లేదో తెలిసినవాళ్ళ చేత కనుక్కోండి. ఇచ్చిన ప్రతి పైసాకు రసీదు తీసుకోండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. "వెళ్ళాక పని చేసి తీర్చేయొచ్చు" అంటే నమ్మకండి. చదువుకునేవాళ్ళు ఎన్ని గంటలు పని చెయ్యొచ్చో ఆ దేశం చట్టం చెబుతుంది.

లెక్కకు రాని ఖర్చు

ఇంకొక ఖర్చు ఉంది. అది నోటు పుస్తకంలో పట్టదు. సుబ్బారావు గారు వెళ్ళేటప్పుడు భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు. పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. ఆయన మళ్ళీ మన దేశం రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే చనిపోయారు. లోకానికి మందులు దొరికాయి. శేషగిరి గారికి ఎదురుచూపే మిగిలింది.

అందుకని పిల్లల్ని పంపొద్దా? పంపాలి. కాని ఎప్పుడు వస్తారు, ఎలా మాట్లాడతారు, ఇక్కడ ఎవరు ఎవరిని చూసుకోవాలి అన్నది కూడా డబ్బుతో పాటే మాట్లాడుకోవాలి. ఇంట్లో ఆడవాళ్ళ మాట కూడా ఆ మాటల్లో ఉండాలి.

మీరు మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో పై చదువుకు ఆశపడుతున్న ఆడపిల్ల ఎవరైనా ఉందా? ఆమె ఏం చదవాలనుకుంటోంది?

2. మీ సంఘం ఆమెకు ఏ విధంగా సాయం చెయ్యగలదు?

3. నూటికి 2 రూపాయల వడ్డీ అయితే, 50,000 రూపాయలకు ఏడాదికి ఎంత వడ్డీ అవుతుంది? లెక్క కట్టి రాయండి.