వెలుగు పనిలో పడితే లెక్క మరిచే గడియారం

అడుగు ఎత్తు అంకెలతో గోడ మీద ఎర్రగా వెలిగే గడియారాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. ఎల్‌ఈడీ స్ట్రిప్, ఆర్డ్యునో బోర్డు, 5 వోల్టుల అడాప్టర్, సన్‌బోర్డు, పాలరంగు అక్రిలిక్ షీటు కావాలి. హైదరాబాదులో ఉన్నవాళ్లు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళితే ఎలక్ట్రానిక్ సరుకంతా దొరుకుతుంది. అంకెలు వెలిగించడం తేలికే. టైము తప్పకుండా చూసుకోవడంలోనే ఉంది అసలు పని.

అంకె కోసం వాడే గీతల పద్ధతి నూరేళ్లు దాటినది. ఫ్రాంక్ వుడ్ అనే అమెరికన్ 1908లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1910లో మంజూరైంది. ఇప్పుడు అంకెకు ఏడు గీతలు వాడితే, ఆయన అమరికలో గీతలు ఎనిమిది. 4 అంకె కోసం ఏటవాలు గీత ఒకటి అదనంగా పెట్టుకున్నాడు. ఈ గీతల పద్ధతికి తగిన దీపం దొరకడానికి అర్ధ శతాబ్దం పట్టింది. కంటికి కనిపించే ఎర్ర కాంతినిచ్చే ఎల్‌ఈడీని 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. పదేళ్లకు, 1972లో, హామిల్టన్ కంపెనీ పల్సర్ చేతిగడియారం వచ్చింది. ధర 2,100 డాలర్లు. అంత ఖరీదు పెట్టి కొన్నా బటన్ నొక్కితేనే అంకెలు కనిపించేవి. ఎప్పుడూ వెలుగుతూ ఉంటే బ్యాటరీ తట్టుకోలేదు మరి.

గోడ గడియారానికి కరెంటు ఉంటుంది కాబట్టి ఆ చిక్కు లేదు, కానీ లెక్క ముందే వేసుకోవాలి. మీటరుకు 60 ఎల్‌ఈడీలున్న స్ట్రిప్ తీసుకుంటే ఒక్కో గీతకు 9 పడతాయి. నాలుగు అంకెలకు 252, మధ్య చుక్కలకు 2. ఉదయం 08:08కి 28 గీతల్లో 26 వెలుగుతాయి. ఎర్రరంగుకు ఒక్కో ఎల్‌ఈడీ 20 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది కనుక అప్పుడు దాదాపు 4.7 ఆంపియర్లు కావాలి. 11:11కి వెలిగేవి ఎనిమిది గీతలే, ఒకటిన్నర ఆంపియర్లు చాలు. తెల్లరంగు పెట్టుకుంటే ఇదంతా మూడింతలు. మొబైల్ చార్జర్‌తో నెట్టుకొచ్చే వ్యవహారం కాదిది. 10 ఆంపియర్ల అడాప్టరు తీసుకుని ఎర్రరంగుతో సరిపెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఎల్‌ఈడీలను అలాగే వదిలేస్తే గీతకు బదులు తొమ్మిది చుక్కలు కనిపిస్తాయి. సన్‌బోర్డుతో ప్రతి గీతకూ ఒక గాడి కట్టి, ఎల్‌ఈడీలకు రెండు మూడు సెంటీమీటర్ల ముందు పాలరంగు అక్రిలిక్ నిలబెడితే చుక్కలన్నీ కలిసి నిండు గీత అవుతుంది. గాడికీ గాడికీ మధ్య గోడలో సన్నటి సందున్నా పక్క గీతలోకి వెలుగు కారి, 3 కాస్తా 8లా అనుమానం పుట్టిస్తుంది. ఓపిక పెట్టాల్సింది ఇక్కడే.

ఇక స్ట్రిప్ సంగతి. డబ్ల్యూఎస్2812 రకం స్ట్రిప్‌లో ప్రతి ఎల్‌ఈడీలోనూ చిన్న చిప్ ఉంటుంది. క్లాసులో ముందు బెంచీ పిల్లవాడు తన నోటుపుస్తకం తీసుకుని మిగతా బొత్తి వెనక్కి అందించినట్టు, మొదటి ఎల్‌ఈడీ తనకు చెందిన 24 బిట్లు ఉంచుకుని మిగిలినవి ముందుకు పంపుతుంది. ఒక్కో బిట్‌కు 1.25 మైక్రో సెకన్లు, 254 ఎల్‌ఈడీలకు సుమారు 7.6 మిల్లీ సెకన్లు. ఈ తాళం తప్పితే రంగులు చెదిరిపోతాయి. అందుకే మామూలు ఆర్డ్యునో ఊనో ఆ కాసేపూ మిగతా పనులన్నిటికీ తలుపు మూసేస్తుంది. దాని సొంత కాలగణన దాదాపు మిల్లీ సెకనుకోసారి తట్టే పిలుపు మీద ఆధారపడింది. తలుపు మూసినప్పుడు వచ్చిన పిలుపుల్లో ఒక్కటే నిలుస్తుంది, తక్కినవి పోతాయి. సెకనుకోసారి అంకెలు తిరగరాస్తే రోజుకు సుమారు తొమ్మిది నిమిషాలు మాయమవుతాయి! వెలుగును చక్కగా పంచే పనిలో పడి గడియారం కాలాన్నే మరిచిపోతుంది.

అందుకే లెక్క వేరే చిప్‌కు అప్పగించాలి. దాన్ని ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్) చిప్ అంటారు. దానికి ఊపిరి, సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ పలుకు. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అంటే సెకనుకు ఒక తట్టు. వీటిలో చవకైన డీఎస్1307తో మన ఎండలకు పేచీ. ఈ పలుకు 25 డిగ్రీల దగ్గరే సరిగ్గా నడుస్తుంది, అటూ ఇటూ జరిగితే నెమ్మదిస్తుంది. గది 40 డిగ్రీల దగ్గర ఉంటే రోజుకు అర సెకను పైనే వెనకబడుతుంది. రాత్రింబవళ్లు అదే వేడి ఉంటే మే నెల గడిచేసరికి 20 సెకన్ల తేడా. డీఎస్3231 అనే మరో ఆర్‌టీసీ చిప్ లోపలే ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటుంది. 64 సెకన్లకోసారి వేడి చూసుకుని తన నడక దిద్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య తప్పితే ఏడాదికి దాదాపు ఒక నిమిషం. నాలుగు డబ్బులు ఎక్కువైనా నేను దీన్నే తీసుకోమంటాను.

కరెంటు పోయినా లెక్క ఆగకుండా దీనికి బటన్ సెల్ ఉంటుంది. బజార్లో దొరికే చాలా డీఎస్3231 బోర్డులు ఆ సెల్‌ను చార్జ్ చేసేలా కట్టినవి. సీఆర్2032 చార్జ్ చేయకూడని సెల్. అది పెట్టేముందు బోర్డు మీద చార్జింగ్ దారిలో ఉన్న చిన్న రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో తీసేయాలి. లేదంటే చార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 కొనుక్కోవాలి.