మా శనివారం పాట

శనివారం సాయంత్రం ఆరున్నర అయితే నన్ను కదిలించకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కుక్కర్ దింపేసి, దేవుడి దగ్గర దీపం పెట్టేసి, ఫోను పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చుంటాను. "మీ అమ్మ కచేరీ మొదలైందర్రా" అంటారు మావారు పిల్లలతో. ఆ ఎగతాళి నాకు అలవాటైపోయింది.

కచేరీ అంటే నిజంగా కచేరీ కాదు లెండి. రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు ఒకే హాస్టల్ గదిలో ఉన్న నలుగురం మేము. పెళ్ళిళ్ళయ్యాక నేను ఏలూరు వచ్చాను. ఒకతె మస్కట్ వెళ్ళింది, ఒకతె మెల్‌బోర్న్, ఇంకొకతె డల్లాస్. నాకు ఆరున్నర అయితే మస్కట్‌లో అయిదు. డల్లాస్‌లో పొద్దున్న ఎనిమిది. మెల్‌బోర్న్‌లో రాత్రి పదకొండు. కార్తీకమాసం వచ్చేసరికి అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆస్ట్రేలియాలో గంట ముందుకు తిప్పుతారు. అప్పుడు డల్లాస్‌లో ఏడు, మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి. అయినా అది నిద్ర ఆపుకుని మరీ కూర్చుంటుంది.

ఇది 2020లో మొదలైంది. లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో చిక్కుకుపోయినప్పుడు ఫోన్లలో అన్నీ భయపెట్టే వార్తలే కదా! "ఒసేయ్, ఆ వార్తలు పంపకండే, పాటలు పంపుకుందాం" అంది మస్కట్ అమ్మాయి. వారానికి ఒకరి వంతు. ఒక పాట పంపాలి. ఊరికే పంపితే కుదరదు, అదంటే ఎందుకిష్టమో, దాన్ని వింటే ఏం గుర్తొస్తుందో సొంత గొంతుతో చెప్పాలి. అదే షరతు.

ఎన్ని సంగతులు బయటికొచ్చాయనుకున్నారు! నలుగురం తలా పది రూపాయలు వేసుకుని, కోటగుమ్మం దగ్గర క్యాసెట్ల కొట్లో మాకు కావలసిన పాటలు రికార్డు చేయించుకున్న సంగతి. క్యాసెట్ ఒక వైపు అరగంటే కాబట్టి ఆఖరి పాట పల్లవి అవగానే తెగిపోతే, కొట్టువాడితో మెల్‌బోర్న్‌ది పోట్లాడిన సంగతి. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి, వార్డెన్‌కి వినపడకుండా దుప్పటి కింద రేడియో పెట్టుకుని జనరంజని విన్న సంగతి. ఆ ఏడాది సెప్టెంబరు 25న బాలు గారు పోయారని తెలిసిన రోజు మాత్రం ఎవరం ఏమీ చెప్పుకోలేదు. ఎవరి వంతూ లెక్కపెట్టలేదు. తలా ఒక బాలు పాట పంపి ఊరుకున్నాం.

ఇంతవరకూ చెబితే ఇదంతా సరదా కబురులాగే ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. అందులో తప్పు నాదే.

మా డల్లాస్ అమ్మాయి వాళ్ళ నాన్నగారు లెక్కల మాష్టారు. కోనసీమలో వాళ్ళ ఊరు. నెలకో ఆదివారం బస్సెక్కి హాస్టల్‌కి వచ్చేవారు. చేతిలో బోర్న్‌విటా డబ్బా, దాన్నిండా సున్నుండలు. "నలుగురూ తినండమ్మా, మా పిల్లొక్కత్తీ తింటే అరగవు" అనేవారు. కూతురు కిందికి దిగేదాకా వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని కూనిరాగం తీసేవారు. ఎప్పుడూ ఒక్కటే పాట. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో వెన్నెల్లో పడవ పాట. ఘంటసాల, లీల పాడినది. మాష్టారికి మొదటి చరణం దాకానే వచ్చు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి మాటలు మర్చిపోయి "ఊఁ ఊఁ" అంటూ లాగించేసేవారు. మేము కిటికీలోంచి విని నవ్వుకునేవాళ్ళం.

2021 మే నెలలో ఆయన కరోనాతో పోయారు. ఆ నెల 4వ తేదీ నుంచే మన దేశం నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. వీసాల మీద ఉన్నవాళ్ళు ఇక్కడికి వస్తే మళ్ళీ ఎప్పటికి వెళ్ళగలరో తెలియని రోజులు. ఆ ఆంక్షలు తీసింది నవంబరు 8న. రెండేళ్ళ పిల్లాణ్ణి పెట్టుకుని అది రాలేకపోయింది. పక్కింటి కుర్రాడు కుర్చీకి ఫోను ఆనించి పెడితే అందులోనే తండ్రిని కడసారి చూసింది.

ఆ ఏడాది కార్తీక పౌర్ణమి వెళ్ళాక వచ్చిన శనివారం నా వంతు. మాష్టారు గుర్తొచ్చారు. పడవ పాట పంపి, "మీ నాన్నగారి పాటే, వినవే" అని ప్రేమగానే చెప్పాను. దానికి ఊరటగా ఉంటుందనుకున్నాను. పది నిమిషాలకి అది మా నలుగురి గుంపులోంచి బయటికి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు.

నాకు ముందు కోపం వచ్చింది. మంచికి పోతే ఇలా అయిందేమిటనుకున్నాను. రెండు రోజులయ్యాక భయం పట్టుకుంది. పదహారేళ్ళ స్నేహం, ఒక పాటతో పోగొట్టుకున్నానా అని. అన్నం దగ్గర కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మావారు కూడా ఆ వారం ఎగతాళి చెయ్యలేదు.

మూడు వారాలకి అదే చేసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది - "ఆ రోజు ఫోనులో బొమ్మ నిలిచిపోయిందే. నాన్న కనపడలేదు. ఇంట్లో పెట్టిన ఘంటసాల భగవద్గీత ఒక్కటే గంటసేపు వినపడింది. అప్పట్నుంచీ ఆ గొంతు వింటే నాకు ఊపిరాడట్లేదు. నువ్వు పంపింది పడవ పాటే. నాకు మాత్రం గీతే వినపడింది."

నాకు నోట మాట రాలేదు. మన ఊళ్ళల్లో ఏ వీధిలోంచైనా ఘంటసాల గీత వినిపిస్తే "ఎవరింట్లోనమ్మా?" అని అడుగుతాం. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయారు. పోవడానికి కొద్దికాలం ముందే పాడిన గీత అది. ఇన్నేళ్ళుగా చావు ఇళ్ళల్లో మనకి తోడుంటోంది. వెన్నెల్లో పడవ నడిపిన గొంతూ అదే. నాకు పడవ వైపు ఉన్న గొంతు, దానికి పాడె వైపు ఉండిపోయింది. ఇది నాకు తట్టనే లేదు.

"ఇంక పాటలొద్దే, నాన్న గురించి చెప్పండి. అందరూ ఎలా పోయారనే అడుగుతున్నారు" అంది.

ఆ తర్వాత నాలుగు శనివారాలు మేము పాటలు పంపుకోలేదు. మాష్టారి గురించే చెప్పుకున్నాం. హాస్టల్ వాచ్‌మన్‌కి ఆయన లెక్కలు నేర్పి, జీతం కోతలు సరిచూసుకునేలా చేసిన సంగతి మెల్‌బోర్న్‌ది చెప్పింది. కాలేజీ పత్రికలో వచ్చిన నా మొదటి కథ చదివి, ఎర్ర సిరాతో అక్షరదోషాలన్నీ దిద్ది, కింద "రాస్తూ ఉండు తల్లీ" అని రాసిచ్చిన కాగితం నా దగ్గర ఇంకా ఉందని నేను చెప్పాను. ఆఖరున మస్కట్ అమ్మాయి గొంతు సవరించుకుని, "ఒకటి నీకు తెలియదే. రెండో సంవత్సరంలో మా ఇంటి నుంచి డబ్బు రాకపోతే నా పరీక్ష ఫీజు మీ నాన్నగారే కట్టారు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు" అంది.

డల్లాస్ నుంచి చాలాసేపు ఏడుపే వినపడింది. తర్వాత, "పోయాక కూడా నాన్న కొత్తగా ఏదో ఇచ్చినట్టుందే" అంది. మళ్ళీ మా నలుగురిలోకి వచ్చేసింది.

మర్నాటి కార్తీకానికి, అంటే 2022లో, దాని వంతు వచ్చింది. ఎవరం ఏమీ అడగలేదు. అదే పాడింది పడవ పాట. రికార్డు కాదు, సొంత గొంతు. వంటింట్లో గిన్నెల చప్పుడు వెనకాల వినపడుతూనే ఉంది. రెండో చరణం దగ్గర ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. "ఊఁ ఊఁ" అని మాష్టారిలాగే లాగించేసింది. దానికి ఆ మాటలు రాక కాదు, మనకి తెలుసు కదా!

ఈ అనుభవం తర్వాత నేను రెండు పద్ధతులు పెట్టుకున్నాను. మీకూ పనికొస్తాయేమో చూడండి. ఇంట్లో ఎవరైనా పోయిన స్నేహితురాలికి పాట పంపేముందు "పంపనా?" అని ఒక్క మాట అడుగుతాను. మనకి తీపి అయినది వాళ్ళకి ఎలా ఉందో మనకేం తెలుసు? రెండోది, పోయినవాళ్ళు ఎలా పోయారని అడగడం మానేసి, వాళ్ళ గురించి నాకు గుర్తున్నది ఒకటి చెబుతాను. పిల్లలకి తెలియని అమ్మానాన్నలు వాళ్ళ స్నేహితుల దగ్గర కొంత మిగిలి ఉంటారు. అది దాచుకుని మనమేం చేసుకుంటాం?

డల్లాస్ అమ్మాయి కొడుకు ఇప్పుడు బడికి వెళుతున్నాడు. తెలుగు అంతంతమాత్రమే వచ్చినా పడవ పాట వచ్చు. మొన్న వాళ్ళింట్లో 'మాయాబజార్' పెడితే పడవ దృశ్యం రాగానే చెవులు రిక్కించి విన్నాడట. రెండో చరణం మొదలవగానే మొహం చిట్లించి, "అమ్మా, వీళ్ళు తప్పు పాడుతున్నారు. తాతయ్య పాటలో ఇక్కడ మాటలుండవు" అన్నాడట.

ఆ కబురు అది చెబుతుంటే నాలుగు ఊళ్ళల్లోనూ నవ్వులే. మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి వేళ అంత గట్టిగా నవ్వినందుకు వాళ్ళాయన లేచి వచ్చి కేకలేశాడు.