తోడే తూనికరాయి: దిన్కినెష్ ద్వంద్వ గ్రహశకలం

సికింద్రాబాదు మోండా మార్కెట్‌లో కూరగాయలు తూచే కాటా ఏ రకానిదైనా, అది పనిచేసేది భూమ్యాకర్షణ ఆధారంగానే. అంతరిక్షంలో ఒంటరిగా తిరిగే చిన్న శిలకు అటువంటి కాటా లేదు. దాని వెలుగును బట్టి పరిమాణాన్ని అంచనా వేయవచ్చు గాని, ద్రవ్యరాశిని తెలుసుకోవడం మిక్కిలి కష్టం. తోడు ఉన్నట్లయితే ఆ తోడే తూనికరాయి అవుతుంది.

కుజ, గురు గ్రహాల కక్ష్యల నడుమ తిరిగే దిన్కినెష్‌ను 1999లో కనుగొన్నారు. దీని వ్యాసం సుమారు 720 మీటర్లు. 2023 నవంబరు 1న నాసా వారి ‘లూసీ’ నౌక దీని సమీపంగా సాగిపోతూ ఒక తోడును చూపింది. దాని పేరు సెలాం. చిత్రమేమంటే, ఆ తోడు సైతం ఒకదానికొకటి ఆనుకొని ఉన్న రెండు శిలల కూడిక. సెలాం 3.1 కిలోమీటర్ల దూరంలో 52.7 గంటలకొక చుట్టు తిరుగుతుంది. ఈ రెండు కొలతలను కెప్లర్ మూడవ నియమంలో ప్రతిక్షేపిస్తే మొత్తం ద్రవ్యరాశి సుమారు 50 వేల కోట్ల కిలోలని తేలుతుంది. సాంద్రత నీటికి దాదాపు 2.4 రెట్లు.

ద్వంద్వ సమాసం ఉభయపదార్థ ప్రధానం. ఇక్కడ పెద్దదే ప్రధానం కనుక ‘ఉపగ్రహం గల శకలం’ అనాలన్న వాదం రావచ్చు. (‘ఉపగ్రహం’ అనగానే నేటి విద్యార్థికి తట్టేది శ్రీహరికోట!) అయితే రెండూ తిరిగేది ఉమ్మడి ద్రవ్యకేంద్రం చుట్టూ, పైగా చిన్నది లేనిదే పెద్దదాని తూకం తేలలేదు. కనుక ‘ద్వంద్వ’ శబ్దమే ఉచితమని నా అభిప్రాయం. సమాస లక్షణానికి అక్షరాలా సరిపోయేది మాత్రం 90 ఆంటియోపీ. అందులోని రెండు శకలాలూ దాదాపు సమానం.