ఎవరి కళ్లతో చూస్తున్నాం?

చిలకలూరిపేట పక్క పల్లె నుంచి ఓ రైతు మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లాడనుకుందాం. వ్యాపారి టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీశాడు. నలిపి చూశాడు. 'తేమ ఉంది' అని ధర తగ్గించాడు. జరిగింది ఇంతే. దీన్ని కథగా రాయాలంటే మాత్రం ముందో ప్రశ్న... ఎవరి పక్కన నిలబడి చెప్పాలి?

రైతు పక్కన నిలబడితే, ఆ చెయ్యి టిక్కీలోంచి బయటికొచ్చేలోపు పురుగుమందుల కొట్టు బాకీ, కౌలు డబ్బులు కళ్లముందు తిరుగుతాయి. వ్యాపారి మోసగాడిలా కనిపిస్తాడు. అదే వ్యాపారి వైపు వెళితే, కిందటిసారి తడి కాయ కొని బూజు పట్టించుకున్న సంగతి తెలుస్తుంది. అతని మీద అంత కోపం రాదు. ఇక నాన్న వెంట వచ్చిన పదేళ్ల పిల్లాడు! వాడికి ఈ లెక్కలేవీ తెలియవు. నాన్న గొంతు ఎందుకు తగ్గిందో అర్థం కాదు. సైకిలు సంగతి ఇప్పుడు అడగొచ్చా లేదా అన్నదే వాడి బెంగ. చదివేవాళ్లకు మనసు కలుక్కుమనేది బహుశా ఇక్కడే.

విమర్శకులు దీన్నే దృష్టికోణం అంటారు. 'నేను' అంటే ఉత్తమ పురుష, 'అతను' అంటే ప్రథమ పురుష... ఇంతవరకూ బడిలో చెబుతారు. అసలు కిటుకు సర్వనామంలో లేదు, ఎంత తెలియనివ్వాలన్న దాంట్లో ఉంది. కొత్తగా రాసేవాళ్లు రైతు వైపు నుంచి చెబుతూ చెబుతూ 'వ్యాపారి లోలోపల నవ్వుకున్నాడు' అనేస్తారు. రైతుకెలా తెలిసింది?

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' చూడండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి అందుకున్న కథ. రావుగారు అందులో 'నేను' అని చెప్పరు. అయినా పాఠకుడు ఆయన మనసులోనే ఉంటాడు. ఆయన నియమాలు, ఆయన భయం అన్నీ తెలుస్తాయి. బిచ్చగత్తె మనసు మాత్రం తెలియదు. కనిపించేవి ఆమె మాటలు, చేతలే. దాన్ని కూడా రచయిత విప్పి చెప్పేసి ఉంటే, మిగిలేది వాతావరణ వార్తే!

'మాలపల్లి' (1922) తీరు వేరు. ఉమ్మడి గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఆ నవలలో రామదాసు ఇంట్లోకీ వెళతారు, చౌదరయ్య ఇంట్లోకీ వెళతారు. ఊరంత నవలకు అది కావాలి. వందేళ్ల కిందట మాలపల్లి గడప లోపలి దుఃఖాన్ని నవలకు కేంద్రం చేయడం చిన్న సాహసం కాదు. అయితే ఆ గడపలోకి బయటి నుంచి వెళ్లి చెప్పడం ఒకటి, లోపల పుట్టి చెప్పడం మరొకటి. వేజెండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ 'ఊరబావి'ని 'మాలపల్లి' పక్కన పెట్టుకుని చదివితే, ఒకే జిల్లా నేల మీద చూసే కళ్లు మారడమంటే ఏమిటో కనిపిస్తుంది.